రచయితల బృందంలో వాలంటీరుగా చేరితే ఏమొస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

బృందంలోకి కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతుంటారు. జవాబులు ఒకచోట రాసి పెడితే నోటికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని ఇది మొదలుపెట్టాను. పదేళ్లకు పైగా ఒక చిన్న బృందంలో కుర్చీలు సర్దడం దగ్గర్నుంచి ప్రూఫులు దిద్దడం దాకా చేసినవాణ్ణి కాబట్టి కొంత పక్షపాతం ఉంటుంది. సర్దుకుని చదవండి.

ఇంతకీ వాలంటీరు చేసే పని ఏమిటి?

నలుగురు ఒకచోట కూర్చుని తాము రాసింది చదువుకోవాలంటే దాని వెనక బోలెడు చిన్న పనులుంటాయి. ముందుగా హాలు అడిగి పెట్టుకోవాలి. ఏ నెల ఎవరు చదువుతారో రాసుకోవాలి. రచనలు వారం ముందే తెప్పించి అందరికీ పంపాలి. గుమ్మం దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ కొత్తమనిషిని లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. గడియారం చూడాలి. చర్చలో వచ్చిన మాటలు నోట్ చేయాలి. ఏడాదికో సంకలనం వేసే అలవాటుంటే టైపింగు, ప్రూఫులు, ప్రెస్సు చుట్టూ తిరుగుడు అదనం.

వీటికి సాహిత్యంలో పట్టా ఏమీ అక్కర్లేదు. వస్తానన్న రోజు, వస్తానన్న టైముకి వస్తే చాలు. అలా వచ్చేవాళ్లు తక్కువ గనకే వాళ్లకు అంత గిరాకీ.

సూటిగా చెప్పండి, నాకేం వస్తుంది?

చదివే కన్ను వస్తుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

మనం రాసినదాన్ని మనం చదువుకుంటే కాగితం మీద లేనిది కూడా కనిపిస్తుంది. మనసులో ఉన్న సన్నివేశం ఖాళీలను నింపేస్తుంది. ఇతరుల రచనకు ఆ సదుపాయం ఉండదు, అక్కడ ఉన్న మాటలే దిక్కు. నెలకు నాలుగైదు రాతప్రతులు చదవాల్సిన పని మీద పడ్డాక నాకు జరిగింది చెప్తాను. ఒక కథలో మొదటి పేజీ అంతా వానే కురిసింది, మనుషులు రెండో పేజీలో గానీ రాలేదు. ఇంకో కథలో తెల్లవారుజామున పక్షులు కూశాయి. మరోదాంట్లో బస్సు కిటికీలోంచి పొలాలు వెనక్కి పరుగెత్తాయి. ప్రతిసారీ మార్జిన్‌లో "కథ ఇక్కడ మొదలైంది" అని రెండో పేజీ మధ్యలో గీత గీశాను. ఆ తర్వాత ఒక రాత్రి నా కథ తీసి చూస్తే, ఒకటిన్నర పేజీ చెరువు వర్ణన! మూడేళ్లుగా ఆ కథ ఎందుకు తిరిగొస్తోందో నాకు ఏ సంపాదకుడూ చెప్పలేదు. ఎవరి కథలోనో నేను గీసిన గీత చెప్పింది.

ఇది నా ఒక్కడి భ్రమేమో అనుకునేవాణ్ణి. 2009లో లండ్‌స్ట్రోమ్, బేకర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారని తర్వాత తెలిసింది. ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకుంటున్న 91 మంది విద్యార్థులను తీసుకున్నారు. తొమ్మిది తరగతులవాళ్లు. కొందరికి ఇతరుల వ్యాసాల మీద సలహాలు ఇవ్వడమే పని. మిగతావాళ్లకు సలహాలు అందుకుని దిద్దుకోవడమే పని. కొంతకాలం పోయాక చూస్తే, సలహాలు ఇచ్చినవాళ్ల సొంత రాత ఎక్కువ మెరుగుపడింది. అందరూ దీనికి వ్యతిరేకంగా ఉంటుందనుకుంటారు. అందుకే బృందంలో చేరిన మొదటి రోజే తమ కథ చదివించుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది, అసలు సరుకు వదిలేసి పోతున్నారు.

నేను ఇప్పుడిప్పుడే రాస్తున్నాను. ఒకరి రచన మీద మాట్లాడే అర్హత నాకెక్కడిది?

పై ప్రయోగంలోనే మీకూ జవాబుంది: సలహాలిచ్చినవాళ్లలో ఎక్కువ లాభపడింది కింది స్థాయి విద్యార్థులే.

అయినా మిమ్మల్ని ఎవరూ విమర్శకుడిగా కూర్చోబెట్టరు. "ఇక్కడ నాకు అర్థం కాలేదు", "ఇక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను", "ఈ మాట దగ్గర నవ్వొచ్చింది" అని చెప్పగలిగితే చాలు. చేయి తిరిగిన రచయితకు కూడా ఆ కబురు కావాలి, ఎందుకంటే దాన్ని తనంతట తాను కనుక్కోలేడు. ఎందుకు అర్థం కాలేదో, ఎలా దిద్దాలో అతను చూసుకుంటాడు.

ఎంత సమయం పోతుంది?

గుమ్మం దగ్గర పలకరించే పనైతే సమావేశం రోజు అదనంగా ఓ అరగంట. రచనలు సేకరించి పంపే పనికి నెలకు మూడు నాలుగు గంటలు, అందులో సగం గుర్తుచేస్తూ ఫోన్లు చేయడానికే. సంకలనం నెత్తిన వేసుకున్నారా, ఇక ఆ రెండు మూడు నెలలు ఆదివారాలు మర్చిపోండి.

మరి నా రాత కుంటుపడదా?

పడుతుంది. దాచడమెందుకు?

కార్యదర్శి పని చూసిన రెండేళ్లలో నేను పూర్తి చేసిన కథలు రెండే. బృందం పని అయిపోతే రాసినంత తృప్తిగా ఉంటుంది, అదే దాంతో వచ్చే ప్రమాదం. నాలుగు మెయిళ్లు పంపి, రెండు ఫోన్లు చేసి, "ఇవాళ సాహిత్యానికి చాలా చేశాం" అనుకుని పడుకుంటాం. కాగితం మాత్రం తెల్లగానే ఉంటుంది. చివరికి ఒక గిరి గీసుకున్నాను. పొద్దున రాసుకునే గంటలో బృందం మెయిలు తెరవను. ఎవరికైనా అంత అర్జెంటుగా కవిత పంపాలనుంటే మధ్యాహ్నం దాకా ఆగుతుంది. ఇప్పటివరకు ఏ కవితా ఆగలేక చచ్చిపోలేదు.

మొదటి ఏడాది ఒక్క పనే తీసుకోండి. "చేస్తాను" అని చేయి ఎత్తేవాళ్ల మీదే అన్నీ వచ్చి పడటం ఏ బృందంలోనైనా ఉన్నదే.

ప్రూఫులు దిద్దడం చాకిరీయే కదా, దాంట్లో నేర్చుకునేది ఏముంటుంది?

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ నేర్పేది అదే.

తెలుగులో ప్రూఫు చూడటమంటే మాటను అక్షరం అక్షరంగా పట్టుకోవడం. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం. పొట్టలో చుక్క ఒక్కటే తేడా. "అద్భుతం"లో భ ఒత్తు బదులు ద మీదే వత్తి పలికి "అధ్బుతం" అని రాస్తాం. "శబ్దం" సగం మంది చేతుల్లో "శబ్ధం" అవుతుంది. "విద్యార్థి" ఎన్ని వేషాలు వేస్తాడో లెక్కలేదు. "వాళ్లు", "వాళ్ళు" రెండూ వాడుకలో ఉన్నవే, కానీ ఒకే కథలో రెండూ కనిపిస్తే కంటికి అడ్డుపడతాయి. పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు జారిపోయి, అక్షరాలు తారుమారై, "కృ" కాస్తా ఇంకేదో అయి కూర్చుంటుంది. అలాంటి ఫైలును అసలు ప్రతితో పక్కపక్కన పెట్టి చదవడం తప్ప దారి లేదు.

ఇలా వంద పేజీలు చదివేసరికి ఇంకో సంగతి తెలిసొస్తుంది. ప్రూఫులో మాట మీద ఆగి చూస్తాం గనక, అక్కర్లేని మాట దాక్కోలేదు. "అతను తన కళ్లతో చూశాడు." ఇంకెవరి కళ్లతో చూస్తాడు? ఒక రచయిత్రి కథలో "మెల్లగా" అనే మాట పదకొండుసార్లు వచ్చింది. ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నవ్వి "తొమ్మిది కొట్టేయండి" అన్నారు. ఆ రాత్రి నా ఫైల్లో వెతికాను. నా మాట "అలా". అలా చూశాడు, అలా నడిచాడు, అలా ఉండిపోయాడు. లెక్క మాత్రం చెప్పను.

చిట్కా ఒకటి: ప్రూఫును చివరి పేరా నుంచి వెనక్కి చదవండి. కథ మిమ్మల్ని లాక్కుపోదు, తప్పులు నిలబడి కనిపిస్తాయి. ఒక్కరే రెండుసార్లు చూసేకంటే ఇద్దరు చెరోసారి చూడటం మేలు.

టైమ్ చూసే పని ఇచ్చారు. ఇదేం పని అనిపిస్తోంది.

నాకూ మొదట అవమానంగానే అనిపించింది. కానీ గడియారం చేతిలో ఉన్నవాడు కథ కంటే వినేవాళ్లనే ఎక్కువగా చూస్తాడు. కుర్చీ ఏ వాక్యం దగ్గర కిర్రుమంది, ఫోన్ ఎవరు ఎప్పుడు తీశారు, ఎక్కడ గది మొత్తం కదలకుండా ఉండిపోయింది, ఇవన్నీ మీకే తెలుస్తాయి. పాఠకుణ్ణి చదువుతుండగా చూసే అవకాశం రచయితకు ఇంకెక్కడా దొరకదు.

పైకి చదివితే నిమిషానికి వంద మాటలు, అటూ ఇటూగా. పదిహేను నిమిషాలు ఇస్తే పదిహేను వందల మాటల కథ సరిపోతుంది. ఇది ముందే చెప్పకపోతే మూడు వేల మాటలు తెచ్చి రైలులా చదివేస్తారు, ఎవరికీ ఏమీ అందదు. ఆపాల్సి వస్తే పేరా చివర ఆపండి, వాక్యం మధ్యలో మాత్రం వద్దు. పెద్దాయనైనా, కొత్త పిల్లైనా ఒకటే కొలత పెట్టాలి. ఇక్కడ మొహమాటపడితే చివర చదవాల్సినవాళ్లకు టైమ్ ఉండదు. వాళ్లు సాధారణంగా కొత్తవాళ్లే అయ్యుంటారు.

అభిప్రాయం చెప్పేచోట మనసులు నొచ్చుకోవా?

నొచ్చుకుంటాయి. నా వల్లే ఒకతను మళ్లీ రాలేదు. కథ చదవడం పూర్తవగానే "ఇది ఇంతకుముందు ఎక్కడో చదివినట్టుందండీ" అన్నాను. నా లెక్కన అది మామూలు మాట. ఆయనకు కాపీ కొట్టావన్నట్టు వినపడింది. ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, మర్యాదగా "పర్లేదు" అన్నారు, రాలేదు.

అప్పటినుంచి చర్చ నడిపించేటప్పుడు ఒక పద్ధతి పాటిస్తున్నాం. లిజ్ లర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990 ప్రాంతంలో తయారుచేసిన నాలుగు మెట్ల పద్ధతి అది. నాట్యం కోసం పుట్టినా కథకూ పనికొస్తుంది. మొదట, వినేవాళ్లు తమకు ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెప్తారు. తర్వాత రచయితే ప్రశ్నలడుగుతాడు: "ముగింపు ముందే తెలిసిపోయిందా?" లాంటివి. మూడోది, వినేవాళ్లు లోపల తమ అభిప్రాయం దాగి లేని ప్రశ్నలు అడగాలి. ఇదే కష్టం. "తండ్రి పాత్ర ఎందుకంత బలహీనంగా ఉంది?" అనేది ప్రశ్న వేషంలో ఉన్న తీర్పు. "తండ్రి గురించి పాఠకుడికి ఏం తెలియాలనుకున్నారు?" అనేది ప్రశ్న. చివరికి, "ముగింపు మీద నాదో మాటుంది, చెప్పనా?" అని అడిగి, సరేనంటేనే అభిప్రాయం.

మొదట్లో అందరం నవ్వుకున్నాం, అనుమతులేమిటి గోల అని. రెండు మూడు సమావేశాలయ్యాక తేడా తెలిసింది: చెప్పనా అని అడిగాక చెప్పేవాడు మాట ఎంచుకుంటాడు, వినేవాడు చెవి ఇస్తాడు. ఇంట్లో కూడా వాడి చూశాను. అక్కడ అంత పని చేయలేదు.

నాకు నలుగురిలో మాట్లాడటం టెన్షన్.

చర్చ నోట్ చేసే పని అడిగి తీసుకోండి. చేతిలో పెన్నూ పుస్తకమూ ఉన్నవాణ్ణి "మీరేమంటారు?" అని ఎవరూ అడగరు. పైగా నెల తిరిగేసరికి, ఎవరేమన్నారో అందరికంటే బాగా తెలిసింది మీకే అవుతుంది. అప్పుడు మిమ్మల్ని అడుగుతారు, అప్పటికి భయమూ కొంత తగ్గి ఉంటుంది.

పేరొస్తుందా? పుస్తకం వేస్తారా?

పేరు సంకలనం చివరి పేజీలో, "సహకారం" కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకసారి అందులోనూ నాది అచ్చుతప్పుతో పడింది. ప్రూఫు చూసింది నేనే.

పెద్ద రచయితలు ఇలాంటి బృందాల్లో ఉండేవారా, లేక ఇది మనలాంటివాళ్లకేనా?

తెలుగులో అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో మొదలైంది. అంతర్జాతీయంగా పెన్ అనే రచయితల సంస్థ 1921లో లండన్‌లో పుట్టింది. రెంటి ప్రారంభాల్లోనూ రచయితలే కూడి పని చేసుకున్నారు. ఇవి పెద్ద సంస్థలు, మన గదికి దగ్గరి ఉదాహరణ కావాలంటే ఆక్స్‌ఫర్డ్‌లోని ఇంక్లింగ్స్ అనే ఇంగ్లిష్ రచయితల బృందాన్ని చెప్పుకోవాలి. 1930లు, 40ల్లో ఒక అధ్యాపకుడి గదిలో గురువారం రాత్రుళ్లు కొందరు స్నేహితులు చేరి రాతప్రతులు చదువుకునేవారు. ఆ గది సి.ఎస్. లూయిస్‌ది. అక్కడ టోల్కీన్ తన మహా నవల "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్"ను అధ్యాయాలుగా వినిపించాడు. అందరికీ నచ్చలేదు కూడా, వింటూ విసుక్కున్న మిత్రుడొకడు ఉండనే ఉన్నాడు.

లూయిస్‌కు తానెంత రుణపడి ఉన్నాడో టోల్కీన్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. ఆయన ప్రభావం తన మీద పడిందని కాదట, వట్టి ప్రోత్సాహమేనట. చాలాకాలం తన శ్రోత ఆయనొక్కడేనని కూడా అన్నాడు. "మేం చేసేది వినడమే కదా" అని ఎవరైనా చిన్నబుచ్చుకుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

సంకలనం పని ఒప్పుకున్నాను. ముందుగా ఏం తెలుసుకోవాలి?

రెండు సంగతులు. మొదటిది, ప్రెస్సు ఫారాల లెక్కలో మాట్లాడుతుంది. సాధారణంగా ఫారమంటే 16 పేజీలు. మీ సంకలనం 130 పేజీలకు తేలితే రెండు పేజీల కోసం కొత్త ఫారం ఎక్కుతుంది. రెండు పేజీలు తగ్గించి 128కి తెండి, లేదా 144 దాకా ఇంకో కథకు చోటివ్వండి. ఈ కూడికలు కథలు ఎంచుకునే ముందే చేసుకోవాలి, తర్వాత చేస్తే ఎవరి కథో తీసేయాల్సొస్తుంది. ఆ ఫోన్ కాల్ చేయాల్సింది మీరే.

రెండోది కాపీరైట్. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో, అంటే దాదాపు ప్రపంచమంతటా, రచన మీద హక్కు రాసినప్పుడే రచయితకు వచ్చేస్తుంది, నమోదు అక్కర్లేదు. రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది, చాలా దేశాల్లో ఇంకా ఎక్కువే. కాబట్టి బృందం వేసినంత మాత్రాన కథ బృందానిది కాదు. "ఈ సంకలనంలో ఒకసారి వేసుకోవడానికి అనుమతిస్తున్నాను, మిగతా హక్కులన్నీ నావే" అని ప్రతి రచయిత దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి. మన వాళ్లే కదా అని వదిలేస్తే తర్వాత నోటిమాటకు సాక్షులు దొరకరు.

పెద్దవాళ్లు చేత్తో రాసిచ్చినవి టైపు చేయమంటున్నారు. ఒప్పుకోవచ్చా?

వేళ్లు నొప్పి పుడతాయి, అయినా ఒప్పుకోండి. నేను ఒక పెద్దాయన జ్ఞాపకాలు రెండు వందల పేజీల పైచిలుకు టైపు చేశాను. ఆయన "వచ్చిండు" అని రాస్తే నేను "వచ్చాడు" అని దిద్దుకుంటూ పోయాను, పెద్ద మేలు చేస్తున్నాననుకుని. ముప్పై పేజీలయ్యాక చూపించాను. కళ్లజోడు సవరించుకుని చదివి, "బాబూ, ఇది మా అమ్మ మాట్లాడినట్టు లేదు" అన్నారు. అంతే అన్నారు, కోప్పడలేదు. ముప్పై పేజీలూ వెనక్కి దిద్దాను. సంభాషణ రాయడం గురించి అంతకు ముందు చాలా వ్యాసాలు చదివి ఉన్నాను. ఒక్కటీ అలా తగల్లేదు.

డబ్బు లెక్కలు నాకు అప్పజెబుతున్నారు.

ఒక్కరే ఒప్పుకోవద్దు. ఇద్దరు చూడాలి, రసీదు ఉండాలి, ప్రతి మూడు నెలలకూ అందరి ముందు చదివి వినిపించాలి. మొత్తం ఎంత చిన్నదైనా సరే.

మానేయాలనిపిస్తే ఎలా?

చెప్పి మానేయండి. రెండు నెలల ముందు చెప్పండి. పాస్‌వర్డులు, ఫోన్ నంబర్లు, హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందన్న వివరం, ఎవరి రచన ఏ దశలో ఉందన్న జాబితా ఒక పుస్తకంలో రాసి, మీ తర్వాత వచ్చేవాళ్లతో ఒక సమావేశం కలిసి నడపండి. అలిగి మానేసినవాళ్లు మా దగ్గర పాస్‌వర్డు తీసుకుపోయారు, పాత సంకలనాల ఫైళ్లు ఇప్పటికీ ఆ ఖాతాలోనే ఉన్నాయి.

ఒక్కోసారి ముగ్గురే వస్తారట. అప్పుడు సమావేశం పెట్టాలా?

పెట్టండి. పన్నెండు మంది వస్తే ఒక్కో కథకు పది నిమిషాల చర్చ మిగులుతుంది. ముగ్గురుంటే ఒక్కొక్కరికీ అరగంట పైనే, వాక్యం వాక్యం పట్టి చూడొచ్చు. నా చెరువు కథ చివరికి అచ్చయింది అలాంటి ఒక సాయంత్రం తర్వాతే.

సరే, వస్తున్నాను. మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

ఒక నోటుబుక్కు, రెండు పెన్నులు. రెండోది మర్చిపోయి వచ్చినవాళ్లకు. ఆ రోజు చదవబోయే రచనలు ముందుగా పంపుతాం, ఒకసారి చదివి రండి. మీ నవల మాత్రం ప్రస్తుతానికి ఇంట్లోనే ఉండనివ్వండి, రెండో నెలలో తెద్దురు గాని.